ఐదవ నెలలో అడుగదగిన ప్రశ్న

చదువవలసిన భాగము: లూకా 1:24–45, 56



వైద్యుల లెక్కలో గర్భము 40 వారములు. 20వ వారము దానికి నడిమి మజిలీ. అప్పటికి చాలమందికి వేవిళ్లు తగ్గి అన్నము రుచించును. గర్భసంచి పైకెదిగి దాని అంచు బొడ్డు దగ్గరకు వచ్చును. తొలిచూలు తల్లికి 18, 20 వారముల మధ్యను, మలిచూలు తల్లికి అంతకు కొంచెము ముందుగాను బిడ్డ కదలిక తెలియును. ఆ బిడ్డ సుమారు 300 గ్రాముల బరువు, తలనుండి మడమవరకు సుమారు 25 సెంటీమీటర్ల పొడవు ఉండును. అరచేతిలో పట్టునంత ప్రాణమే గాని ఇల్లంతటిని కదిలించును.

ఈ నెలలోనే వైద్యులు స్కానింగు చేయించుకొమ్మందురు. తల, వెన్నెముక, గుండె, మూత్రపిండములు, కాలుసేతులు సరిగా ఏర్పడినవా, మాయ ఎక్కడ అంటియున్నది అను సంగతులు అందులో చూతురు. కావున మన పెద్దలకు ఎన్నడును ఎదురుకాని ప్రశ్న మనకు ఎదురగుచున్నది. పుట్టని బిడ్డను గూర్చి మనము ఏమి తెలిసికొనవలెను? ఎందుకొరకు తెలిసికొనవలెను?

1907లో మన దేశమునకు వచ్చి 1945లో మరణించువరకు మన తెలుగు స్త్రీలకు వైద్యము చేసిన మిషనరీ డాక్టరు కాథరీనా షెల్లెన్‌బర్గ్ అమ్మగారికి ఈ యంత్రము లేదు. స్కాట్లండులో ఇయాన్ డోనాల్డ్ అను వైద్యుడు, ఆయన తోటివారును కడుపులోని శిశువు చిత్రమును లోకమునకు తెలిపినది 1958లో. అంతకుముందు మంత్రసాని చెయ్యి, తల్లి మాట, ఇవే ఆధారము.

కొందరు, “దేవుడు మరుగుచేసినదానిని మనము చూడవచ్చునా? ఇది అవిశ్వాసము కాదా?” అని అడుగుదురు. లూకా సువార్తను చూడుడి. ఎలీసబెతు ఐదు నెలలు ఇంటిలోనే మరుగుగా ఉండెను. ఆరవ నెలలో ఆ సంగతి దేవదూత ద్వారా మరియకు తెలిసెను. తెలిసిన మరియ ఏమి చేసెను? ఊరిలో చెప్పుకొని తిరుగలేదు. కొండసీమకు ప్రయాణమై పోయి సుమారు మూడు నెలలు ఆ వృద్ధురాలి యింట నిలిచెను. ఆమెకు తెలిసినది నడకయై, తోడుగా మారెను. తెలిసికొనుట పాపము కాదు. తెలిసికొన్న పిమ్మట మన కాళ్లు ఎటు నడచును అనునదే ప్రశ్న.

తెలివి రెండు విధములు. ఒకటి సేవచేయుటకు కోరు తెలివి, రెండవది తీర్పుతీర్చుటకు కోరు తెలివి. మాయ క్రిందికి ఉన్నదని తెలిసినయెడల కాన్పు పెద్ద ఆసుపత్రిలో ఏర్పాటు చేసికొందుము. గుండెలో లోపము తెలిసినయెడల ముందుగానే పిల్లల వైద్యుని వెదకుదుము. ఇది సేవ. కాని “ఆడయా, మగయా?” అని యంత్రమును అడుగుట దేనికి? ఆ జవాబు వలన బిడ్డకు ఒక్క ముద్ద అన్నమైనను ఎక్కువగా దొరకదు. ఆడపిల్ల యని తెలిసినచోట ఆ తల్లి ముద్దయే తగ్గవచ్చును, బిడ్డ ప్రాణమే పోవచ్చును. 1991లో మన దేశమున ఆరేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు 945 మంది. 2001 నాటికి 927కు తగ్గిరి. 1994 నాటి చట్టము లింగము చెప్పుటను, అడుగుటను నేరమని నిషేధించినది. ఆ చట్టము మరియొక సత్యమును ఎరిగియున్నది: గర్భిణికి అట్టి పరీక్ష జరిగినయెడల, వేరుగా రుజువైతే తప్ప, భర్తయో బంధువులో ఆమెను బలవంతపెట్టిరనియే న్యాయస్థానము భావింపవలెను. సహోదరులారా, ఈ మాట మనలను గూర్చినదే.

ఇక భారమైన ప్రశ్న ఒకటి కలదు. లోపము కనబడినయెడల ఏమి చేయవలెను? అన్ని లోపములు ఒక్కటి కావు. గ్రహణమొర్రి, వంకరపాదము పుట్టిన తరువాత వైద్యముచే సరిచేయదగినవి. అట్టి బిడ్డను వద్దనుట, మన కంటికి నచ్చలేదని తీర్పుతీర్చుటయే. కాని తలపుఱ్ఱె, మెదడు ఏర్పడని బిడ్డ పుట్టినను బ్రదుకజాలదు. 2021లో సవరించిన చట్టము 20 వారములవరకు ఒక వైద్యుని అభిప్రాయముతోను, 24 వారములవరకు కొందరు స్త్రీలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయముతోను, అంతకు మించినపుడు తీవ్రమైన లోపములకు వైద్యమండలి నిర్ణయముతోను గర్భము తీయుటకు అనుమతించును. చట్టము అనుమతించిన ప్రతిదియు మంచిదని నేను చెప్పుటలేదు. అయితే అట్టి కన్నీటిలోనున్న తల్లిని చూచి “నీ పాపము వలన” అనువాడు యోబు స్నేహితుల వరుసలో నిలుచును. ఆమె మోసి కన్నను, మోయలేకపోయినను, సంఘము ఆమె గడప దాటి పోరాదు.

మిగిలిన సగము ప్రయాణమునకు ఇంటివారి విధి ఏమి? గద్వాల విత్తన పత్తి చేలలో క్రాసింగు పనికి పోవు స్త్రీలును, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలనుండి పట్నమునకు వలసపోయి తట్టలు మోయు స్త్రీలును మన సంఘములలో ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ గర్భిణులలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇనుము మాత్రలు నాలుగవ నెలనుండి దినమునకు ఒకటి చొప్పున 180 దినములు మ్రింగవలెను. వాటివలన బిడ్డ నల్లనగుననుట అబద్ధము. మాత్రతోపాటు చాయ త్రాగరాదు, నిమ్మరసము మేలు. కాన్పు సులువగుటకు తక్కువ తినుమని కోడలికి చెప్పు అత్తగారు ప్రేమతోనే చెప్పవచ్చును, కాని అది హాని. జొన్నరొట్టె, పప్పు, మునగాకు, గ్రుడ్డు ఆమె పళ్లెములో ముందు వడ్డింపుడి. రక్తము కనబడినను, ఉమ్మనీరు కారినను, తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, ముఖము వాపు కలిగినను తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేయుడి. ప్రార్థన బండిలోనైనను చేయవచ్చును.

మన సంఘములో ఐదవ నెల గర్భిణి ఎవరో ఆదివారము గుడిలో చూచినయెడల, “కొడుకా, కూతురా?” అని అడుగకుడి. “నీవు తింటివా? మాత్రలు ఉన్నవా? నీ బిందె నేను మోయనా?” అని అడుగుడి. బిడ్డను గూర్చి మనకు తెలియనిది ఇంక చాల ఉన్నది. తల్లికి ఏమి కావలెనో మాత్రము అడిగినచో ఆమెయే చెప్పును.