పొగడ్తలో దొరలిన పొరపాటు

చెన్నపురిలో తరతరములుగా కాపురమున్న తెలుగువారమగు మనకు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెవిని పడగానే ఒడలు పొంగును. ఆయన చదివినది ఇక్కడి మద్రాసు వైద్య కళాశాలలోనే. ఆ అభిమానము చేతనే కాబోలు, ఆయనను గూర్చిన ఒక పొరపాటును దిద్దుటకు మనకు చేయి రాకున్నది.

"టెట్రాసైక్లిన్‌ను కనుగొన్నది సుబ్బారావుగారే" యని సభలలో విందుము, వ్యాసములలో చదువుదుము. టెట్రాసైక్లిన్ ఒక మందు పేరు. ఒక మందుల కుటుంబమునకును అదే పేరు. చిక్కంతయు నిక్కడనే యున్నది. ఆ కుటుంబమున మొదటిదైన ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసినవాడు, డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు. ఆ పని జరిగిన లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు పెద్ద సుబ్బారావుగారు. టెట్రాసైక్లిన్ అను మందును తరువాత ఫైజర్ సంస్థలో లాయిడ్ కానొవర్ సిద్ధపరచెను. 1948 ఆగస్టులో కన్నుమూసిన సుబ్బారావుగారు దానిని ఎరుగనే యెరుగరు.

ఇట్టి వాక్యము, ఎవరైన వ్రాసి ఎవరైన దిద్దదగిన అంతర్జాల విజ్ఞాన సర్వస్వమున నొకసారి చేరెనా, దానిని కదల్చుట కష్టము. అచ్చట తెలిసినవాని మాట చాలదు. అచ్చైన ఆధారము చూపవలెను. ఆధారముగా నొక పత్రికావ్యాసమును చూపుదురు. ఆ వ్యాసకర్త చూచి వ్రాసినదో, ఆ సర్వస్వమునే! ఒకరికొకరు సాక్షులు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఈ నగరముననే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును కూర్చునాడు, తప్పు కనబడిన అడుగుటకు ఒక మనిషి యుండెను. ఇప్పుడందరును సంపాదకులే. అచ్చులోని తప్పులు మాత్రము ఏండ్ల తరబడి నిలువలేదా యందురేని, అదియు నిజమే.

దిద్దబోయినవాడు మనవాని కీర్తిని దొంగిలించుచున్నట్లు తోచును. మేమును సంశయించితిమి. కాని డగ్గర్ వృద్ధాప్యపు శ్రమను తెచ్చి మనవాని ఖాతాలో వ్రాయుట మాత్రము దొంగతనము కాదా? అంతకన్న విచిత్రమేమన, ఆయన నిజముగా చేసిన పనులు ఆ పొగడ్తలలో మరుగుపడినవి. ఫిస్క్‌తో కలసి 1925లో ప్రకటించిన, రక్తమున భాస్వరమును కొలుచు పద్ధతి. 1927లో కండరములలో గుర్తించిన ఫాస్ఫోక్రియాటిన్. ఇవి చెప్పుట కష్టమని విడుతురు.

మా మనుమడు బడికి వ్రాసిన వ్యాసమున ఆ వాక్యమే యుండెను. కొట్టివేయుమంటిమి. "అయితే ఆయన గొప్ప తగ్గదా తాతయ్యా?" అని వాడడిగెను. భాస్వరముతో మొదలుపెట్టితిమి. రాత్రి తొమ్మిదైనను వాని ప్రశ్నలు తీరలేదు. కొట్టివేసిన పంక్తి చోట ఫిస్క్ పేరును, డగ్గర్ పేరును చేరినవి.