పూర్వాశ్రమపు పాటలు

బీటిల్స్ బృందం 1970లో విడిపోయింది. మూడేళ్లకు, 1973 ఏప్రిల్‌లో, వాళ్ల పాటల్లోంచి ఏరి కూర్చిన రెండు ఆల్బమ్‌లు బజారులోకి వచ్చాయి. ఎర్ర అట్ట మీద 1962–1966 అని, నీలి అట్ట మీద 1967–1970 అని రాసి ఉంటుంది. రెండింటి మీదా ఆ నలుగురే, లండన్‌లోని తమ రికార్డు కంపెనీ ఈఎంఐ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి కిందికి చూస్తుంటారు. ఫొటోగ్రాఫరూ ఒకరే, ఆంగస్ మెక్‌బీన్. మొదటి ఫొటో 1963లో తీసింది, రెండోది 1969లో. ఆరేళ్లలో జుట్టు భుజాల మీదికి దిగింది, గడ్డాలు పెరిగాయి.

వీళ్లు వాళ్లేనా?

మిలింద పన్హ అనే బౌద్ధ గ్రంథంలో మిలింద రాజు నాగసేన భిక్షువును అడిగినది ఇలాంటి ప్రశ్నే. పుట్టిన బిడ్డా, ఎదిగిన మనిషీ ఒకరా, వేరా? అదే మనిషీ కాదు, మరో మనిషీ కాదు అంటాడు నాగసేనుడు. రాత్రంతా వెలిగే దీపాన్ని ఉదాహరణగా చూపిస్తాడు. తొలిజాము మంట, నడిజాము మంట ఒకటి కావు. అలాగని అక్కడ రెండు దీపాలూ లేవు.

ఎర్ర ఆల్బమ్ తొలిజామును విడదీసి చూపించింది. ఆ విడదీత పాడినవాళ్లు కోరి చేసింది కాదు. ఆల్ఫా ఒమేగా అనే దొంగ రికార్డుల సెట్టు అమెరికాలో టీవీ ప్రకటనలతో అమ్ముడవుతుంటే, దానికి పోటీగా ఈ రెండూ వచ్చాయి. ఎంపికలో మేనేజరు ఆలెన్ క్లైన్ మాట చెల్లింది. ఎర్రదానిలో 26 పాటలు, అన్నీ జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ పేర్ల మీదివే. అదే బృందంలోని జార్జ్ హారిసన్ రాసింది ఒక్కటీ లేదు. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రులకు రాత్రులు పాడి వాళ్లకు చేయి తిరిగింది చక్ బెరీ, లిటిల్ రిచర్డ్ లాంటి అమెరికన్ల పాటలతో. ఆ రుణం జాడ కూడా ఇందులో లేదు.

సన్యాసం పుచ్చుకున్నవాడు తన పూర్వాశ్రమం ఊసెత్తడు. తనకు తానే పిండం పెట్టుకుని పేరూ గోత్రమూ వదిలేస్తాడు. జనం మాత్రం వదలరు. వేమన గురించి చెప్పుకునే కథల్లో ఆయన ముందు భోగి, తర్వాత యోగి. బీటిల్స్ విషయంలోనూ లోకం అలాంటి కథే అల్లుకుంది: ఎర్ర అట్టలో సూట్లు తొడుక్కున్న కుర్రాళ్లు, నీలి అట్టలో 1968లో ఋషికేశ్ వెళ్లి మహేశ్ యోగి దగ్గర ధ్యానం చేసిన అన్వేషకులు.

పాటలు వింటే ఆ కథ నిలవదు. 1965 అక్టోబరులో రికార్డు చేసిన ‘నార్వేజియన్ వుడ్’ ఎర్ర ఆల్బమ్‌లోనే ఉంది. అందులో హారిసన్ సితార్ మీటాడు. రచయితగా అతని పేరుకు చోటు లేని ఆల్బమ్‌లోనే అతని రేపటి జీవితం వినిపిస్తుంది. అదే నెలలో, పాతికేళ్లు నిండిన లెనన్ ‘ఇన్ మై లైఫ్’ పాడాడు. అది వెనకటి చోట్లనూ మనుషులనూ తలచుకునే పాట. లోకం తొలిరోజులని పిలిచే కాలంలోనే అతనికి తలచుకోవడానికి తనవైన తొలిరోజులు ఉన్నాయి.

1966లో మతం నేరుగానే ఎదురైంది. తాము ఏసుకన్నా ఎక్కువ ప్రజాదరణ పొందామని లెనన్ మార్చిలో ఒక లండన్ పత్రికతో అన్న మాట, వేసవిలో అమెరికా దక్షిణాదిలో వాళ్ల రికార్డులను తగలబెట్టించింది. ఆ ఏప్రిల్‌లోనే వాళ్లు ‘టుమారో నెవర్ నోస్’ మొదలుపెట్టారు. వెనక తంబూరా శ్రుతి, మాటల్లో టిబెటన్ల మృత్యుగ్రంథం ఆధారంగా టిమతీ లియరీ తదితరులు రాసిన పుస్తకం ప్రభావం. ‘రివాల్వర్’ ఆల్బమ్‌లోని ఆ పాటను 1973 కూర్పు వదిలేసి, అదే ఆల్బమ్‌లోని పిల్లల పాట ‘ఎల్లో సబ్‌మెరీన్’తో ముగిసింది.

2023లో ఎర్ర ఆల్బమ్‌కు 12 పాటలు చేర్చి 38 చేశారు. వాటిలో ‘టుమారో నెవర్ నోస్’ ఉంది, హారిసన్ పాటలు రెండున్నాయి, చక్ బెరీ పాటా ఉంది. యాభై ఏళ్లు ఆలస్యమైనా ఇది చేయవలసిన న్యాయమే. నాగసేనుడే చెప్పిన మరో ఉదాహరణ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మామిడిపండ్లు కోసుకుపోయిన దొంగ, తోట యజమాని నాటిన పండు వేరు, తాను కోసిన పండ్లు వేరు అని వాదిస్తే చెల్లదు. నాటినదానికీ కాసినదానికీ మధ్య తెగని వరుస ఉంది కనుక శిక్ష తప్పదు. మారిన మనిషికైనా పాత బాకీ మిగిలే ఉంటుందన్నమాట. ఒక బృందం తొలినాళ్లను ఎంచి చూపేవారికీ ఈ లెక్క వర్తిస్తుంది. గెలుపులను ఏరి, అప్పులను వదిలేస్తే అది ఆ నలుగురి యవ్వనం అనిపించుకోదు.

రెండు అట్టల మధ్య గీసిన గీతకూ బలం లేదు. ఎర్ర అట్ట మీది ఆఖరి సంవత్సరం ఇంకా పూర్తి కాకముందే, 1966 సెప్టెంబరులో, హారిసన్ భార్యతో కలిసి బొంబాయిలో దిగాడు. రవిశంకర్ దగ్గర సితార్ పాఠాలు చెప్పించుకున్నాడు. నేల మీద గంటల తరబడి కూర్చోవడానికి కాళ్లు అలవాటుపడాలని యోగాసనాలూ నేర్చుకున్నాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు.