సంచీ ఎవరు తేవాలి?

విశాఖలో మా వీధికి చేపల తట్టతో వచ్చే ఆమెను ఆమధ్య నేనో మాటన్నాను. "ప్లాస్టిక్ కవర్లు నిషేధించారు కదా, ఇంకా ఇస్తావేం? సముద్రం మీద బతుకుతూ సముద్రాన్నే పాడుచేస్తే ఎలా?" పొలుసు గీకుతున్న చెయ్యి ఆపకుండానే ఆమె అంది: "సంచీ ఇంటికాడ ఒగ్గీసి వత్తారు మీరు. కవురు నాను కొనాల. పైను పడితే నానే కట్టాల. పాడుసేసినాదెవురమ్మా?"

నా దగ్గర జవాబు లేదు.

నిజానికి పర్యావరణం గురించి నాకు పట్టింపు ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లను కూల్చేసిన రోజు మరిచిపోలేదు. ఆ తర్వాత చాలా జరిగాయి. 2018లో ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల సౌర ఫలకాలు తేలాయి. 2020లో రుషికొండ తీరానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2022 జూన్ 5 నుంచి నగరంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. వీటన్నిటికీ సంతోషించినదాన్నే నేను.

కానీ ఈ నగరం పచ్చగా, శుభ్రంగా ఉండటానికి రోజూ చెయ్యవలసిన పని ఒకటుంది. అది ఎవరి చేతుల మీదుగా నడుస్తోంది? 2016 నాటి నిబంధనలు తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తను ఇంట్లోనే విడదీయమన్నాయి. చట్టం "ఇల్లు" అంటుంది. ఇల్లంటే చాలాచోట్ల స్త్రీ. అక్కడ సరిగా విడదీయని చెత్తను మళ్ళీ చేత్తో విడదీసేది మరో స్త్రీ. వాడిన శానిటరీ న్యాప్‌కిన్లను విడిగా చుట్టి ఇవ్వాలనీ ఆ నిబంధనల్లో ఉంది. చుట్టకుండా పడేస్తే అది తగిలేది ఎవరి చేతికో మనకు తెలియనిదా?

కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమైన మాటే. అయితే కలుషితం చేసినవారెవరు? కవరు ఇచ్చినామెనా, ఒట్టి చేతులతో వచ్చిన నేనా, దాన్ని తయారుచేసి లాభం తిన్నవాడా? కంటికి ఎదురుగా కనిపించేది ఆమె ఒక్కతే. అందుకే తప్పు ఆమె మీదికి తేలిగ్గా జారిపోతుంది. ఆమె దాటితే నా వంతు. నన్ను దాటి కర్మాగారం గుమ్మం దాకా వెళ్ళే ప్రశ్నలు మాత్రం అరుదు.

అలాగని నిషేధం వద్దనడం లేదు. చేపల కడుపులోకి ప్లాస్టిక్ పోతే ముందు నష్టపోయేది జాలరి స్త్రీలే. నేననేది ఒక్కటే: ఒక మంచి పనికి ఎంత ఖర్చవుతుందో లెక్కవేసేటప్పుడు, ఆ ఖర్చు ఎవరి కొంగుముడిలోంచి పోతోందో కూడా చూడాలి.

మర్నాటి నుంచి స్టీలు గిన్నె పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు గర్వంగానే ఉంది. అయిదో రోజు నీచు వాసన పోవడానికి ఆ గిన్నెను చింతపండు వేసి తోముతున్న మా ఇంటి పనిమనిషిని చూశాను. నా బాధ్యత మళ్ళీ ఇంకో చేతిలోకి వెళ్ళిపోయింది. ఆమె జీతంలో ఈ గిన్నె లెక్క లేదు.

ఇప్పుడు ఆ గిన్నె నేనే తోముకుంటున్నాను. దీనివల్ల సముద్రం బాగుపడిపోదని తెలుసు. కనీసం, చేపలామెను ఇంకోసారి నిలదీసే ముందు నా చేతులు చూసుకోవడం అలవాటైంది.