కర్ణుని నడిగిన ప్రశ్న

కురుకుమారుల విద్యాప్రదర్శనమున కర్ణుడు రంగమధ్యమునకు వచ్చి, అర్జునునితో ద్వంద్వయుద్ధమును కోరినపుడు, కృపాచార్యుడు అతని కులమును తల్లిదండ్రులను తెలుపుమని యడిగెను. అంతవరకు అతని చేతి నేర్పును చూచుచున్న సభ, ఆ క్షణమునుండి అతని పుట్టుకను చూడసాగెను. కర్ణుడు తల వంచెను. ఆ ప్రశ్న నేటికిని మన క్రీడారంగములను విడువలేదు. కులమను మాటను తీసి దేశమను మాటను పెట్టితిమి; అంతియే భేదము.

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో గాక మా యింటి చెంతనే యెదురైనది. తార్నాకలో మెట్రో రైలెక్కినచో, హబ్సిగూడ, ఎన్.జి.ఆర్.ఐ. దాటిన పిదప మూడవ మజిలీ ఉప్పల్ క్రీడాంగణము. 2023 అక్టోబరు 9వ తేదీన అచట ప్రపంచకప్ పోటీలలో న్యూజిలాండునకును నెదర్లాండ్సునకును క్రికెట్టు జరిగెను. నెదర్లాండ్సు జట్టులో తేజ నిడమానూరు అను యువకుడు కలడు. ఇతడు 1994లో విజయవాడలో జన్మించెను. బాల్యముననే న్యూజిలాండునకు పోయి ఆక్లాండులో పెరిగి యచటనే ఆట నేర్చెను. పిమ్మట నెదర్లాండ్సు చేరి, 2022లో ఆ దేశపు జట్టులో స్థానము సంపాదించెను. కావున ఆనాడు అతడు పుట్టిన దేశపు నేలమీద, పెరిగిన దేశమునకు ఎదురుగా, చేరిన దేశము పక్షమున నిలిచెను. ఆటలో న్యూజిలాండు 99 పరుగుల తేడాతో గెలిచెను.

అతడు బ్యాటు చేతబట్టి వచ్చినపుడు, మా వరుసలో కొందరు “మనవాడు” అని చప్పట్లు చరచిరి. నేనును చరచితిని. నా ప్రక్క కూర్చున్న పెద్దమనిషి మాత్రము, “పుట్టిన గడ్డకు పనికిరాని విద్య యెందులకండీ?” అని నిట్టూర్చెను. ఆయన మాటలో ద్వేషము లేదు; నొచ్చుకొనుట మాత్రమే కలదు. అందుచేతనే దానిని త్రోసివేయక విచారింపవలసియున్నది.

జన్మభూమికి మనము ఋణపడియున్నామనుట సత్యము. కాని ఋణము పుట్టుకవలన మాత్రమే కలుగునా? బంతిని ఎట్లు కొట్టవలెనో నేర్పినవారికి, వానలో మైదానమును కాపాడినవారికి, పేరు లేని కుఱ్ఱనికి మొదటి యవకాశ మిచ్చినవారికి ఋణము లేదా? తేజ విషయమున నేర్పినది ఒక దేశము, స్థాన మిచ్చినది వేరొక దేశము. మన వంతుగా మన మతనికిచ్చినది పేరు, భాష, తొలి బాల్యము. అవి అమూల్యములే కాని, తీర్చుమని నోటు వ్రాయించుకొని యిచ్చినవి కావు. తల్లి పాలకు వడ్డీ గట్టదు.

ఇట్టి నేతకు తెలుగువారి సంసారములలో చిరపరిచితమైన దృష్టాంతము కలదు. ఆడుబిడ్డ పుట్టినిల్లు విడిచి మెట్టినింటికి పోయి, ఆ యింటి గౌరవమునకై తన శక్తినంతయు ధారపోయును. ఆమెను కృతఘ్నురాలని ఎవ్వరును అనరు. ఆమె శ్రమను మెట్టినిల్లు సంతోషముతో స్వీకరించును. కాని ముప్పది యేండ్లు గడచిన తరువాతను, ఇంట ఏదేని తగవు రాగానే “పరాయి యింటినుండి వచ్చినదానవు” అను మాట వినవచ్చును. అన్యాయ మెచట నున్నది? ఆమె ఇల్లు మారుటలో లేదు. పనిని పుచ్చుకొని హక్కును దాచుకొనుటలో నున్నది. ఈ కొలతబద్దనే క్రీడలకును ఉపయోగింతము.

ఆటగాని వైపునుండి చూతము. అతడు అంగీకరించిన బాధ్యతను నిండుమనస్సుతో నిర్వహించుచున్నాడా? 2023 జూను 26న హరారేలో వెస్టిండీసు 374 పరుగులు చేయగా, తేజ 76 బంతులలో 111 పరుగులు చేసి తన జట్టును నిలిపెను. ఉభయుల లెక్కయు సమమై, తుదకు అదనపు ఓవరులో నెదర్లాండ్సు గెలిచెను. అదే యేడు నవంబరు 12న బెంగుళూరులో అతడు భారతదేశమునకే యెదురు నిలిచెను. ఓడిన తన జట్టులో అందరికంటె నెక్కువగా 54 పరుగులు చేసెను. పుట్టిన దేశమని ఆనాడు అతడు చేయి సడలించియుండినచో, దానిని దేశభక్తి యందుమా? తోడివారిని వంచించుట యనియే యందుము. మాట యిచ్చినవాని ధర్మము మాట నిలుపుటయే.

హరారేలో ఆ యదనపు ఓవరున 30 పరుగులు చేసిన లోగన్ వాన్ బీక్ న్యూజిలాండులో పుట్టినవాడు. అతని తాత సామీ గిల్లెన్ ట్రినిడాడులో పుట్టి, మొదట వెస్టిండీసు పక్షమునను తరువాత న్యూజిలాండు పక్షమునను ఆడెను. 1956లో న్యూజిలాండు తన మొట్టమొదటి టెస్టు విజయమును వెస్టిండీసుమీదనే సాధించినపుడు, వికెట్లవెనుక నిలిచి ఆ యాటను ముగించినవాడు గిల్లెనే. తాతకు రెండు దేశములు, మనుమనికి మూడవది. ఎవ్వరి నిజాయితీకిని లోపము కలుగలేదు.

మన నగరమును ఇట్టివారి నెరుగును. ఆసిఫ్ ఇక్బాల్ 1943లో హైదరాబాదులో పుట్టి, రంజీ పోటీలలో హైదరాబాదు పక్షమున ఆడి, 1961లో పాకిస్థానునకు వెడలెను. భారత జట్టునకు నాయకత్వము వహించిన గులాం అహ్మదు అతని సమీపబంధువు. 1979-80లో ఆసిఫ్ పాకిస్థాను జట్టునకు నాయకుడై భారతదేశమునకు వచ్చెను. ఒకే కుటుంబము ఎదురెదురు పక్షములకు నాయకుల నిచ్చినది. సరిహద్దులు రాజ్యములు గీయును; బంధుత్వములు ఆ గీతలను చదువనేరవు.

“అట్లయిన డబ్బిచ్చి ఆటగాండ్రను కొనుట కూడ న్యాయమేనా?” అని కొంద రాక్షేపింతురు. ఈ యాక్షేపణ బలమైనది. కర్ణుని కథయే దీనికిని ఉదాహరణము. కృపుని ప్రశ్నకు విరుగుడుగా దుర్యోధనుడు అతనికి అంగరాజ్య మిచ్చెను. అది ఆదరమో అవసరమో, రెండును కలసినదో, తేల్చుట కష్టము. మన కాలమున, 2003లో కెన్యా పరుగువీరుడు స్టీఫెన్ చెరోనో కతార్ పౌరసత్వము పొంది, సైఫ్ సయీద్ షహీన్ అను పేరుతో ఆ యేడే ప్రపంచపోటీలలో స్వర్ణపతకము గెలిచెను. ఇట్టి మార్పులు పెచ్చు పెరుగగా, అంతర్జాతీయ అథ్లెటిక్సు సంఘము 2017లో దేశాంతర బదిలీలను నిలిపివేసి, 2018లో మూడేండ్ల నిరీక్షణమును విధించుచు క్రొత్త నియమములు చేసెను. ఈ నియమములు మంచివే. పతకమునకై మనుష్యుని తెచ్చుకొని, పతకము రానినాడు విడిచిపెట్టు రాజ్యము అతనికి ఇల్లు కాదు, బాడుగబండి. దోషము దేశము మారినవానియందు కంటె, సభ్యత్వ మీయక సేవను మాత్రమే కోరినవారియందు హెచ్చు.

ఇక మన గుమ్మమును చూచుకొందము. భారత పౌరులు మాత్రమే భారతదేశము పక్షమున ఆడవలెనని 2008లో మన ప్రభుత్వము నిర్ణయించెను. జపానులో పుట్టిన ఇజుమి అరాటా తన పూర్వపౌరసత్వమును విడిచి, 2013లో భారత ఫుట్‌బాలు జట్టులో ఆడెను. 2025లో ర్యాన్ విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వమును వదలి భారతీయుడయ్యెను. మనకొరకు ఇంత విడిచి వచ్చినవారిని మనలో ఎంతమంది “మనవాడు” అని పిలిచితిమి? పరాయివారి మాట యటుండనిండు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జాను 2014 జూలైలో తెలంగాణకు ప్రచారకర్తగా నియమింపగానే, ఆమె పాకిస్థాను కోడలను ఆక్షేపణ బయలుదేరెను. కొలది నెలలకే ఇంచియాన్ ఆసియా క్రీడలలో ఆమె సాకేత్ మైనేనితో కూడి భారతదేశమునకు స్వర్ణపతకము తెచ్చెను. అత్తవారి యూరును చూచి ఆడుదాని దేశమును నిర్ణయించువారికి ఆ పతకమే తగిన ప్రత్యుత్తరము. కాని పతకము రాకున్నను ఆమె మనదే కదా!

ఇచట నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఉప్పల్‌లో చప్పట్లు చరచిన వారము గడువకమునుపే, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొను ఆఫ్రికా విద్యార్థి యొకడు మా మేడమీది వాటా అద్దెకు కావలెనని వచ్చెను. మాట మెత్తన, చేతిలో విశ్వవిద్యాలయపు గుర్తింపుకార్డు. నేను అతని చదువు నడుగలేదు, నడవడి నడుగలేదు. “ఏ దేశము?” అని మాత్రమే యడిగి, వాటా ఇదివరకే యిచ్చివేసితిమని యబద్ధమాడితిని. అతడు నమస్కరించి మెట్లు దిగిపోయెను. ఆ నమస్కారములో, ఇట్టి సమాధానములు పెక్కు విన్న యలవాటు కనబడెను. ఆ రాత్రి నాకు నిదురపట్టలేదు. ఆక్లాండులో గాని, నెదర్లాండ్సులో గాని ఎవరో ఒకరు తలుపు తెరవకపోయినచో, నేను చప్పట్లు చరచుటకు “మనవాడు” ఎక్కడ నుండెడివాడు?

సాయంకాలము కళాశాల భవనము నీడ సాగు వేళ, విశ్వవిద్యాలయపు మైదానములలో పిల్లలు ఆడుచుందురు. ఒక జట్టున ఒకడు తక్కువైనచో, దారిన పోవువానిని పిలిచి నిలుపుకొందురు. అతని యూరెవ్వరును అడుగరు. బంతి వచ్చినపుడు పట్టెనా, విడిచెనా అని చూతురు. ఆట ముగిసినపుడు అందరితోపాటు అతనికిని మంచినీళ్ళ సీసా అందింతురు. సేవయు, సభ్యత్వమును అనగా ఇంతియే. కృపాచార్యునకు తెలియనిది ఈ పిల్లలకు తెలిసినది. మా మేడమీది వాటా మరల ఖాళీ యైనది. ఈ పర్యాయము అడుగవలసిన ప్రశ్న యేదో నేను నేర్చుకొంటినని తలంచుచున్నాను.