పడే రాయి, విడిచిన బాణం

మల్దకల్‌లో తిమ్మప్ప గుడి దగ్గర నలుగురు రైతులు కూర్చుంటే మాట అప్పుల మీదికి పోతుంది. చివరికి తేలేది ఒకటే: "ఏం జేస్తం సారూ, మా రాత గట్లుంది. విడిచిన బాణం ఆగుతదా?"

ఆ బాణం శంకరాచార్యుల ఛాందోగ్య భాష్యంలోది. జ్ఞానం కలిగాక కూడా దేహం ఎందుకు నిలుస్తుందో చెప్పడానికి, వేగం తీరేదాకా ఆగని బాణంతో ప్రారబ్ధాన్ని, అంటే ఫలమివ్వడం మొదలైన పాత కర్మను, పోల్చారాయన. దాన్ని సీడ్ పత్తి అప్పుకు అంటగట్టడం నాకు ససేమిరా నచ్చదు. బడిపిల్లలకు ద్రవ్యవేగం పాఠం చెప్పినవాణ్ణి, నా అభ్యంతరం లెక్కతోనే చెప్తాను.

రెండు కిలోల రాయిని బావి గట్టు మీంచి వదలండి. విసరొద్దు, ఊరికే వేళ్లు తెరవండి. ఆ క్షణాన వేగం సున్నా, ద్రవ్యవేగమూ (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) సున్నా. ఆపైన ప్రతి సెకనుకూ వేగం 9.8 మీ./సె. చొప్పున పెరుగుతుంది. గాలి అడ్డును పక్కన పెడితే, ఒక సెకనుకు రాయి 4.9 మీటర్లు దిగుతుంది, ద్రవ్యవేగం 19.6 కి.గ్రా.మీ./సె. రెండో సెకనుకు 19.6 మీటర్ల లోతు, ద్రవ్యవేగం 39.2. గట్టుకు జానెడు కింద అరచేత్తో పట్టగలిగిన రాయే అడుగున తల పగలగొడుతుంది.

మన తార్కికులు దీన్ని గమనించారు. పడే వస్తువు తొలి కదలికకు గురుత్వం ఒక్కటే కారణమనీ, రెండోదాని నుంచి గురుత్వమూ వేగమనే సంస్కారమూ కలిసి పనిచేస్తాయనీ వైశేషికుడు ప్రశస్తపాదుడు చెప్పాడు. 1687 నాటి న్యూటన్ ప్రిన్సిపియా కంటే ఎన్నో శతాబ్దాల ముందటి మాట. న్యూటన్ లెక్కలన్నీ మనవే అనడం మాత్రం అబద్ధం. ప్రశస్తపాదుడి దగ్గర సూత్రమూ లేదు, కొలతా లేదు. చూపు ఉంది, దానికే దండం పెడతాను.

ఇక రైతు చెప్పే బాణం సంగతి. వింటిని వదిలాక బాణాన్ని నారి తోయదు. ఉన్న వేగమే ఖర్చవుతుంది. రాయినైతే భూమి క్షణక్షణం లాగుతూనే ఉంటుంది. మా గద్వాల ప్రాంతపు నడిగడ్డలో అప్పు రాయి లాంటిది. సీడ్ పత్తి వేయించే ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్సు, దానిమీద నూటికి రెండో మూడో రూపాయల వడ్డీ. జీవోటీ (విత్తన స్వచ్ఛత పరీక్ష) ఫెయిలైందని పైసలు ఆపితే, మరుసటేడు మళ్లీ అదే గడప. శాస్త్రం ప్రారబ్ధాన్నీ ఆగామినీ వేరు చేసింది. ఇప్పుడు చేస్తున్న పనితో కొత్తగా చేరేది ఆగామి. ఏటేటా పెరిగే ఈ అప్పు ముమ్మాటికీ ఆగామే. పూర్వజన్మ సంగతి తిమ్మప్ప చూసుకుంటాడు. వడ్డీ రాసింది మనిషి చెయ్యి.

పడే రాయిని రెండో సెకను చివర ఆపడానికి ఎంత ద్రవ్యవేగం తీసేయాలో, మొదటి సెకను చివర అందులో సగం తీసేస్తే చాలు. అందుకని, రైతు ఇంటికి పరామర్శకు పోయేవాళ్లకు నా మనవి: రాత అనే మాట ఎత్తకండి. మొదటి ఏడే పోయి అప్పు కాయితం తెమ్మనండి, పక్కన కూర్చుని వడ్డీ లెక్క చూడండి.