ఎవరికి పనికొచ్చే సత్యం?

వేదం విన్న శూద్రుని చెవిలో సీసం పోయమని ధర్మసూత్రం రాసుకున్న దేశం ఇది. ఇక మా మాట చెప్పేదేముంది? అందుకే ఎవరన్నా 'ఇది సత్యం' అనంగానే మాలాంటోళ్లకు ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: దాన్ని నమ్మితే మా బతుకులో ఏం జరుగుద్ది?

ఈ ప్రశ్న మీదనే ఒక తత్వశాస్త్రం కట్టినోళ్లు అమెరికాలో ఉన్నారు. దాని పేరు ప్రాగ్మాటిజం. మన బి.ఇడి. పుస్తకాల్లో వ్యవహారిక సత్తావాదం అని నోరు తిరగని పేరుతో ఉంటది. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చదువుకోబోయిన అంబేడ్కర్‌కు పాఠం చెప్పిన జాన్ డ్యూయీ ఈ దారివాడే. 1936లో వచ్చిన 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ ఆయన్ని తన గురువని చెప్పుకుని, ఎంతో రుణపడి ఉన్నానని రాశారు.

డ్యూయీకి ముందు చార్లెస్ పర్స్ ఉన్నాడు. 1877, 78ల్లో రాసిన వ్యాసాల్లో ఆయన చెప్పింది ఇది: మనిషి దేన్ని పట్టుకుని నడుచుకుంటాడో అదే అతని నమ్మకం, నోటితో ఏం చెప్పినా సరే. నమ్మకాన్ని నిలబెట్టుకునే దారులు నాలుగు. మొండిగా పట్టుకోవటం, అధికారంతో రుద్దటం, బుద్ధికి ఇంపుగా తోచిందే ఖాయం చేసుకోవటం, నాలుగోది సైన్సు. సైన్సు కూడా తప్పు చేస్తది. అయితే తన తప్పును తనే పట్టుకునే ఏర్పాటు దానికొక్కదానికే ఉంది.

నేను ఏడో తరగతిలో ఉండగా సైన్సు మేష్టారు బల్ల మీద హెచ్ టూ ఓ అని రాసి, ఏ బావిలో తోడినా నీరు నీరే అన్నారు. మధ్యాహ్నం కుండ దగ్గర ఆ మేష్టారే 'ఎడంగా నిలబడండ్రా' అని మాదిగ పిల్లల దోసిళ్లలోకి పైనించి నీళ్లు వొంపారు. పర్స్ లెక్కన ఆయన నమ్మకం ఏది? బల్ల మీది అక్షరాలా, చెంబు పట్టిన చెయ్యా? సైన్సు చదివినోళ్లకు ఈ దేశంలో కొదవ లేదు. అది తలలోంచి చేతిలోకి దిగలేదు.

చేతిలోకి దించిన చోటు మహద్. అక్కడి చౌదార్ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. మూడేళ్లు గడిచినా అంటరానివాడు అక్కడ దోసెడు నీళ్లు తాగలేకపోయాడు. కాగితం మీది సత్యానికి 1927 మార్చి 20న పరీక్ష జరిగింది. అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి నీళ్లు తాగారు. నీళ్లు ఏమీ కాలేదు. మనుషులే బయటపడ్డారు. సవర్ణులు మావాళ్లను కొట్టారు. తర్వాత ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలతో చెరువును 'శుద్ధి' చేశారు. మా చెయ్యి మైల, పశువు మూత్రం పవిత్రం! కోర్టు కూడా ఎక్కారు. అది అనాదిగా ఉన్న ఆచారమని రుజువు చేయలేకపోయారని బొంబాయి హైకోర్టు 1937లో తేల్చింది.

అయితే ప్రాగ్మాటిజంలో మనం జాగ్రత్తగా చూడాల్సిన మెలిక ఒకటుంది. 1907లో విలియం జేమ్స్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి చాలామంది తీసుకున్న సారం 'పనికొచ్చేదే సత్యం' అని. ఎవరికి పనికొచ్చేది? కులం వేల ఏళ్లుగా కొందరికి పనికొస్తానే ఉంది. మా ఊరి పెద్దరైతు మా నాయనతో అనేవాడు: 'తాతలనాటి నించి నడుస్తున్న పద్ధతిరా ఇది. ఎవరికి నష్టం?' ఒకసారి నాయన 'మాకే గదయ్యా' అన్నాడు. ఆ ఏడు పాలేరు పని పోయింది.

ఆ మూడు ముక్కలు ఆ పద్ధతికి దొరికిన సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఊరు లెక్కలోకి తీసుకోలేదు, చెప్పినోడి కూడు తీసింది. డ్యూయీ 1916లో రాసిన 'ప్రజాస్వామ్యం, విద్య' ఇక్కడ పనికొస్తది. మనుషుల మధ్య గోడలు కట్టి, ఒకరి అనుభవం ఒకరికి చేరనీయని సమాజంలో అణిగినోడికే గాదు, అణిచేవాడికీ బుద్ధి ఎదగదంటాడు. ఫలితం అనుభవించేవాడి నోరు కట్టి చేసేది పరీక్షే కాదు. కాబట్టి వాడకు నోరు లేని ఊరిలో సైన్సు కూడా లేనట్టే. కులాన్ని కూల్చటం న్యాయం కోసమే కాదు, నిజం తెలియటానికి కూడా.

ఈ గీటురాయి మనకూ వర్తించాలి. 'దళితులంతా ఒక్కటే' అన్నాం. మంచి మాటే. 1994లో దండోరా లేచి, ఆ ఒక్కటిలో ఎవరి వాటా ఎంతో లెక్క తీయమంది. అప్పుడు లెక్క అడగటమే ద్రోహం అన్నోళ్లున్నారు. వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలు వర్గీకరణ చేయొచ్చని చెప్పింది. ముప్పై ఏళ్లు పట్టింది. ఐక్యత అనే మాట అడుగునున్నోడి లెక్కకు తట్టుకుని నిలబడితేనే సత్యం. ఆ అడుగున మన ఆడవాళ్లున్నారు, మాలమాదిగల కింద ఉపకులాలున్నాయి. వాళ్లు మనల్నీ అడుగుతారు, అడగాలి.

విద్యార్థి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సత్యం ఎవరి సొత్తూ కాదని మీకు పాఠాల్లో చెబుతారు. దాన్ని పరీక్షించే చోటు మాత్రం ఇన్నాళ్లూ కొందరి సొత్తుగానే ఉంది. ప్రయోగశాల, కోర్టు, పత్రిక, తరగతి గది, మన సంఘం ఆఫీసు, ఏ చోటైనా సరే. తీర్పు వినటానికి ముందు అక్కడ ఎవరెవరు కూచున్నారో లెక్కపెట్టండి.