సంకల్పమునకును చక్రమునకును నడుమ

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను నిరూపించి, సారథి అవివేకియై పగ్గమునకు బిగువు లేనిచో గుఱ్ఱములు లొంగవని బోధించినది. అయితే సారథి వివేకియై, ఆజ్ఞ ఋజువై యుండియు రథము ప్రక్కకు లాగుచున్నచో దోష మెచ్చట నున్నట్లు? మేనల్లుని రేడియో కారును బాగుచేయుచుండగా నాకీ ప్రశ్న స్ఫురించినది.

ఆ కారు ఎడమకు లాగుచుండెను. కుఱ్ఱవాడు చేతిలోని ట్రాన్స్‌మిటరుపై చక్రముల నడిమి స్థానమును కొంచెము సవరించు ట్రిమ్ము మీటను కుడికి జరిపి, తిన్నగా పోవుట చూచి సంతసించెను, కాని యొక మలుపు తిరిగి వచ్చునంతలో, “మామయ్యా, ఇప్పుడు కుడికి లాగుతోంది!” అని మొఱపెట్టెను.

చక్రములను త్రిప్పు సర్వో ఇందు నిరపరాధి. రిసీవరు దానికి సెకనుకు ఇంచుమించు 50 మారులు విద్యుత్స్పందనము నంపును, అది 1.5 మిల్లీసెకన్ల పాటున్నచో నడుమ నిలువుమనియు, అంతకు హెచ్చినను తగ్గినను ఆ ప్రక్కకో యీ ప్రక్కకో తిరుగుమనియు నర్థము. లోపలి పొటెన్షియోమీటరు తన యిరుసు ఏ కోణమున నున్నదో తెలుపుచుండగా, ఆజ్ఞకును స్థితికిని గల భేదము సమసిపోవు వఱకు మోటారు తిరుగుచునే యుండును. ఇంతటి ఆత్మపరిశీలనము గలదయ్యు దాని చూపు ఆ యిరుసుకడనే ఆగిపోవును; ఆవల కడ్డీలును, కీళ్లును, చక్రములును ఏమైనవో అది యెఱుగదు.

ట్రిమ్మును సున్నకు తెచ్చి, సర్వోను నడుమ నిలువనిచ్చి, చక్రమును వ్రేళ్లతో కదిపి చూచితిని. సర్వో చలింపలేదు, చక్రము మాత్రము ఇటునటు ఊగినది. దెబ్బ తగిలినపుడు సర్వో పళ్లు విఱుగకుండుటకై యమర్చిన సర్వో సేవరులోని స్ప్రింగు నీరసించి, ఆపదయందు మాత్రమే లొంగవలసినది అనుక్షణమును లొంగుచుండెను. దానిని మార్చి, మితిమీఱి బిగించినచో దెబ్బ పళ్లకే తగులును గనుక తగినంతగానే బిగించి, సర్వోకు చేయివంటిదగు హార్నును దాని యిరుసు పళ్లపై వీలైనంత నిలువుగా కూర్చితిని. పంటికిని పంటికిని నడుమ మిగిలిన వంకరను కడ్డీ పొడవు సవరించి తీర్చితిని; అప్పటికిని తీఱని వెంట్రుకవాసి కొఱకే ట్రిమ్మును ముట్టితిని.

మన మాట యెవరినైన నొప్పించినపుడు “నా యుద్దేశము మంచిదే” యని చెప్పుకొందుము. అది సర్వో చెప్పు సాక్ష్యము వంటిది: సత్యమే, కాని యిరుసు వఱకే. ఆవల అలవాటు సడలినదో, నాలుక జాఱినదో చూడక, మఱునాడొక తీపిమాటతో సరిపెట్టుట ట్రిమ్ము త్రిప్పుట యగును. మానవయత్న మెంత చేసినను తీఱని వెంట్రుకవాసి లోపము క్షమార్హమే. కాని ఆ క్షమను తొలుతనే వాడుకొనువానికి తన రథమున ఏ కీలు వదులైనదో ఎన్నటికిని తెలియదు.

మొన్న కారు మరల ప్రక్కకు లాగినది. కుఱ్ఱవాడు మీటను ముట్టక, ముందుగా చక్రమును పట్టి కదిపి చూచెను.